కుండీలో మొక్క వాడితే ముందు చూడాల్సింది వేరునే

నిన్నటి దాకా నిటారుగా ఉన్న మొక్క ఇవాళ తల వేలాడేస్తుంది. కింది ఆకులు రెండు మూడు పసుపెక్కి ఉంటాయి. చూసినవాళ్ళ చెయ్యి వెంటనే నీళ్ళ మగ్గు మీదికి వెళ్తుంది. మర్నాడు కూడా అలాగే ఉంటే ఇంకో మగ్గు, ఆ తర్వాత గుప్పెడు ఎరువు. వారం తిరిగేసరికి ఆకులు రాలి, కాండం మొదలు మెత్తబడి, మొక్క పోతుంది. ఆరుబయట కుండీల్లో పోయే మొక్కల కథ తరచూ ఇదే. మొదట వచ్చిన కష్టం చిన్నదే కావచ్చు. అదేమిటో తేల్చుకోకుండా చేసిన వైద్యం దాన్ని పెద్దది చేస్తుంది.

వాడటం, పసుపెక్కడం రెండూ జ్వరం లాంటివి. ఒంట్లో ఏదో తేడా వచ్చిందని చెబుతాయి గానీ ఏం తేడా వచ్చిందో చెప్పవు. నీరు తక్కువైనా మొక్క వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది. ఎరువు చాలకపోయినా ఆకు పసుపు అవుతుంది, ఎరువు మోతాదు మించినా అవుతుంది. కారణాలు ఎదురెదురుగా ఉంటే మందులూ ఎదురెదురుగానే ఉంటాయి. అందుకే ఊహించి మొదలుపెట్టిన వైద్యం సగంసార్లు తప్పుదారి పడుతుంది.

ఆకు ఎందుకు వాలుతుంది

ఆకులో ఈనెలు కొంత ఆసరా ఇస్తాయి. కానీ అది బిగువుగా నిలబడేది ప్రధానంగా కణాల్లో నిండిన నీటి ఒత్తిడి వల్ల, గాలి కొట్టిన సైకిల్ ట్యూబు లాగా. ఆకు మీదుండే సూక్ష్మ రంధ్రాల నుంచి పగలంతా నీరు ఆవిరిగా పోతూనే ఉంటుంది. వేరు పీల్చుకునే నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఇలా గాలిలో కలిసిపోయేదే. మొక్క తన ఒంట్లో దాచుకునేది చాలా కొద్ది.

ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన 1724 వేసవిలో దీన్ని తూచి చూశాడు. ఆయన పరీక్ష పెట్టింది కుండీలోని మొక్క మీదే. అది మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్క. మట్టిలోంచి నేరుగా నీరు ఆవిరైపోకుండా కుండీ నోటిని పల్చటి సీసపు రేకుతో మూసి, పొద్దున, సాయంత్రం తూకం వేస్తూ వచ్చాడు. పగటి 12 గంటల్లో సగటున 20 ఔన్సులు, అంటే దాదాపు 570 గ్రాములు తగ్గింది. బాగా ఎండగా, పొడిగా ఉన్న రోజున 30 ఔన్సులు, సుమారు 850 గ్రాములు పోయింది. వెచ్చటి పొడి రాత్రి పూట తగ్గింది 3 ఔన్సులు మాత్రమే. ఒక్క మొక్క, ఒక్క పగలు, ముప్పావు లీటరు పైచిలుకు నీరు! ఆ నీరంతా చిన్న కుండీలోని కాసింత మట్టి నుంచి రావాలి. నేలలో ఉన్న మొక్క అయితే వేరును లోతుకు పంపి నీటిని వెతుక్కుంటుంది. కుండీలో ఉన్నదానికి ఆ దారి లేదు.

ఆకు నుంచి పోయే నీరు, వేరు నుంచి వచ్చే నీటిని మించితే మొక్క వాడుతుంది. అంతకు మించి అందులో రహస్యం లేదు. కష్టమంతా వేరు ఎందుకు అందించలేకపోతోందో కనిపెట్టడంలో ఉంది. మట్టిలో నీరు లేకపోవచ్చు. నీరున్నా గాలి లేక వేరు పనిచేయకపోవచ్చు. ఉప్పు పేరుకుని నీటిని వేరుకు దక్కనివ్వకపోవచ్చు. వేరు ఉడికిపోయి ఉండొచ్చు, కుళ్ళి ఉండొచ్చు, పురుగు తిని ఉండొచ్చు. వేరు బాగానే ఉండి కాండం లోపలి గొట్టాలు పూడుకుపోయి ఉండొచ్చు. ఇన్నింటికీ పైకి కనిపించేది ఆ వాలిన ఆకే.

ఒక్కోసారి జబ్బే ఉండదు. గుమ్మడి, దోస లాంటి పెద్ద ఆకుల మొక్కలు మిట్టమధ్యాహ్నం ఎండకు వాలి, పొద్దు వాలాక మళ్ళీ లేస్తాయి. వేరు ఎంత బాగున్నా ఆ రెండు మూడు గంటల ఖర్చును అది అందుకోలేదు. అందుకని మొక్కను మధ్యాహ్నం చూసి కంగారుపడకూడదు. తెల్లవారుజామున చూడాలి. రాత్రంతా ఖర్చు తక్కువ కాబట్టి, లోపల అంతా సవ్యంగా ఉంటే తెల్లారేసరికి ఆకులు నిలబడి ఉంటాయి. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం నిజంగానే ఏదో జరిగింది.

నీళ్ళలో నిలబడి దాహంతో

కుండీ మొక్కల విషయంలో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది తడి మట్టిలో వాడిపోవడం. మట్టి ముద్దలా ఉంటుంది, మొక్క మాత్రం నీళ్ళు లేనట్టు వేలాడుతుంది.

వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉన్న గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుని, దానితో పుట్టే శక్తితోనే పోషకాలను లోపలికి లాక్కుంటుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే ఆక్సిజన్ కదలిక గాలిలో ఉన్నదానికంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిస్తుంది. నీటిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వేర్లు, సూక్ష్మజీవులు కలిసి త్వరలోనే ఖర్చు పెట్టేస్తాయి. ఊపిరాడని వేరు కణాలు తమ పొరల్లోని నీటి దారులను మూసేసుకుంటాయి. చుట్టూ నీరున్నా లోపలికి రాదు. టమాటా లాంటి మొక్కల్లో ఇంకో మార్పు కూడా కనిపిస్తుంది. ఊపిరాడని వేర్లలో తయారైన ఒక పదార్థం పైకి వెళ్ళి ఆకుల్లో ఇథిలీన్ వాయువుగా మారుతుంది. దాంతో ఆకు తొడిమలు కిందికి వంగిపోతాయి. ఆకు ఇంకా బిగువుగా, నిండుగానే ఉంటుంది, తొడిమ మాత్రం గొడుగు మూసినట్టు కిందికి దిగుతుంది. ఎండి వాడిన ఆకు పల్చగా, కాగితంలా తగులుతుంది. ఈ తేడా వేళ్ళకు తెలుస్తుంది.

ఆ తర్వాత కింది ఆకులు పసుపెక్కుతాయి. వేరు నత్రజనిని తీసుకోలేకపోతుంది. పైగా గాలి లేని మట్టిలో కొన్ని బ్యాక్టీరియాలు అక్కడున్న నత్రజనిని వాయువుగా మార్చి బయటికి పోగొడతాయి. ఆ పసుపును చూసి ఎరువు వేస్తే, పీల్చుకునే స్థితిలో లేని వేరు మీద ఉప్పు చల్లినట్టే.

రంధ్రం ఉంది కదా, ఎక్కువైన నీరు పోతుంది కదా అనిపించవచ్చు. అన్నీ పోవు. స్పాంజి ముక్కను బాగా తడిపి పలకలా అడ్డంగా పట్టుకుంటే కొంత కారి ఆగుతుంది. అదే ముక్కను నిలువుగా తిప్పగానే మళ్ళీ కారుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు అడుగున నిలిచిన నీటిని స్పాంజి తనంతట తాను వదల్లేదు. మట్టి కూడా అంతే. ప్రతి కుండీలోనూ అడుగున కొంత మందాన పూర్తిగా నీటితో నిండిన పొర నిలుస్తుంది. ఆ పొర మందం కుండీ ఎత్తును బట్టి మారదు, మట్టి గుణాన్ని బట్టి మారుతుంది. మెత్తటి జిగురు మట్టిలో అది మందంగా, గరుకు మిశ్రమంలో పల్చగా ఉంటుంది. కాబట్టి ఒకే మట్టిని లోతైన కుండీలో, లోతు లేని కుండీలో నింపితే రెండోదానిలోనే వేర్లకు ఎక్కువ ముంపు.

ఇక్కడే ఒక పాత అలవాటు దెబ్బకొడుతుంది. నీరు బాగా దిగుతుందని కుండీ అడుగున గులకరాళ్ళు, పెంకులు పరుస్తారు. సన్నటి మట్టిలోని నీరు తన కింద పెద్ద ఖాళీలున్న రాళ్ళ పొరలోకి తేలిగ్గా దిగదు. నిలిచే తడి పొర రాళ్ళ మీదికి జరుగుతుంది, అంటే వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రాళ్ళు తిన్న చోటు పోగా వేరుకు మిగిలే మట్టి తగ్గుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా చిన్న వల ముక్క చాలు. నీరు దిగాలంటే మట్టి మొత్తం గుల్లగా ఉండాలి.

పెరటి మట్టిని నేరుగా కుండీలో నింపినప్పుడు ఈ కష్టం ఎక్కువ. నేలలో అదే మట్టి కింద మరెంతో లోతు మట్టి ఉండి నీటిని లాక్కుంటుంది. వానపాములు దారులు చేస్తాయి. కుండీలో అవేవీ లేవు, రోజూ పోసే నీటికి మట్టి అణిగిపోతుంది. చిన్న మొక్కను చాలా పెద్ద కుండీలో పెట్టడం కూడా ఇలాంటిదే. వేరు తాగేదానికంటే మట్టి పట్టుకునేది ఎక్కువై రోజుల తరబడి ఆరదు. కుండీ చదునైన గచ్చు మీద అతుక్కుని కూర్చుంటే రంధ్రం మూసుకుపోతుంది. కింద మూడు చిన్న రాళ్ళు పెట్టి ఎత్తితే చాలు. ఇంత చిన్న సంగతి వల్ల పోయే మొక్కలు ఉన్నాయంటే బాధగానే ఉంటుంది.

వేలు, పుల్ల, బరువు

తడో పొడో తేల్చడానికి మీటరు కొనాల్సిన పని లేదు. హేల్స్ చేసినట్టు బరువు చూడటమే మంచి పద్ధతి. నీరు పోసి, కారడం ఆగాక ఒకసారి కుండీ ఎత్తి చూడాలి. తర్వాత రోజూ ఎత్తి చూస్తుంటే చెయ్యి ఆ తేడాను నేర్చుకుంటుంది. ఎత్తలేనంత పెద్ద కుండీని ఒక పక్కకు కాస్త వంచి చూసినా తెలుస్తుంది.

వేలు పెట్టి చూడటం మంచిదే గానీ, వేలు 2 అంగుళాల లోతే చెబుతుంది. పైన పొడిగా, అడుగున బురదగా ఉండే కుండీలు చాలా ఉంటాయి. అందుకని ఒక సన్నటి చెక్క పుల్లను అడుగు దాకా గుచ్చి, పది నిమిషాలుంచి తీయాలి. పుల్ల మీద తడి ఎంత ఎత్తు దాకా ఉందో కనిపిస్తుంది. దాన్ని వాసన కూడా చూడాలి. మంచి మట్టి తొలకరి వాసన వేస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అడుగున గాలి లేదని తేలిపోయినట్టే.

దీనికి ఎదురు మోసం కూడా ఉంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పీట్ (నాచు కుళ్ళి ఏర్పడిన పొడి) లాంటివి ఎక్కువగా ఉన్న మిశ్రమం బాగా ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడ నుంచి విడిపోతుంది, నీటిని పీల్చుకోవడం మానేస్తుంది. పోసిన నీరు గోడ వెంట జారి అడుగు రంధ్రం నుంచి వెంటనే బయటికి వస్తుంది. చూసేవాళ్ళకు నీరు నిండుగా పట్టిందనిపిస్తుంది, నడిమి వేరు ముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. పోసిన నీరు మరీ త్వరగా కారిపోయి, కుండీ ఇంకా తేలిగ్గా ఉంటే ఇదే కారణం.

తడిని తాకి చూసి తీర్పు చెప్పేటప్పుడు మట్టి రకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1912లో అమెరికాలో బ్రిగ్స్, షాంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మట్టిలో ఎంత తేమ మిగిలినప్పుడు మొక్క మళ్ళీ నీరు పోస్తే తప్ప కోలుకోలేనంతగా వాడిపోతుందో ఎన్నో రకాల మొక్కలతో పరీక్షించారు. ఆ హద్దు మొక్కను బట్టి మారేది తక్కువని, మట్టిని బట్టి మారేదే ఎక్కువని తేల్చారు. ఇసుక మట్టిలో ఆ హద్దు దగ్గర తేమ దాదాపు ఏమీ ఉండదు. జిగురు మట్టిలో వేలికి ఇంకా చల్లగా, తడిగా తగులుతూనే ఉంటుంది, కానీ ఆ నీటిని మట్టి రేణువులు గట్టిగా పట్టుకుని వేరుకు వదలవు. బరువైన మట్టిలో కొద్దిపాటి తేమ తగిలినంత మాత్రాన మొక్కకు నీరుందని అనుకోకూడదు.

పసుపు ఎక్కడ మొదలైంది

నీటి సంగతి తేలాకే పసుపు దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే చాలా పసుపు నీటి సంగతితోనే తేలిపోతుంది. మిగిలినదాన్ని విడదీయడానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: పసుపు ముదురాకుల్లో మొదలైందా, చిగురాకుల్లోనా?

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క ఒంట్లో కదలగల పోషకాలు. కొరత వస్తే మొక్క వాటిని ముసలి ఆకుల నుంచి తీసి లేత ఆకులకు పంపుతుంది. అందుకే వీటి లోటు కింది ఆకుల్లో ముందు కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం, మాంగనీస్ లాంటివి ఒకసారి ఆకులో చేరాక సులభంగా కదలవు. వాటి లోటు చిగుళ్ళలో బయటపడుతుంది.

కింది ఆకు ఈనెలతో సహా మొత్తం ఒకే తీరున పాలిపోతే నత్రజని కొరత. ఈనెలు ఆకుపచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం. పత్రహరితం అణువు నడిమధ్యన ఉండేది ఒక మెగ్నీషియం పరమాణువే, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులుంటాయి. ఈ రెండింటిలో ఏది తగ్గినా ఆకుపచ్చదనం పోవడం అందుకే. కింది ఆకుల అంచులు మాడినట్టు గోధుమ రంగుకు తిరిగితే పొటాష్ వైపు చూడాలి. చిగురాకులు ఆకుపచ్చటి ఈనెల వలతో, మధ్యలో లేత పసుపుగా, ముదిరితే దాదాపు తెల్లగా వస్తుంటే ఇనుము అందడం లేదు.

అందడం లేదు అంటే మట్టిలో లేదని కాదు. ఇనుము మట్టిలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పిహెచ్. అది 7 దాటి పైకి, అంటే క్షారం వైపు, పోయేకొద్దీ ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. చాలా మొక్కలకు 6 నుంచి 6.5 మధ్య హాయిగా ఉంటుంది. బోరు నీరు కఠినంగా ఉంటే అందులోని బైకార్బొనేట్లు కుండీ మట్టి పిహెచ్‌ను నెలల తరబడి మెల్లగా పైకి నెడతాయి. అందుకే మొదటి ఏడాది బాగా పెరిగిన గులాబీ, నిమ్మ రెండో ఏడాది చిగుళ్ళు పాలిపోయి నిలబడతాయి. అక్కడ ఇనుము తుక్కు కలపడం వల్ల లాభం లేదు. చీలేటెడ్ ఐరన్, అంటే కరిగే రూపంలోనే ఉండేలా మరో పదార్థం పట్టి ఉంచిన ఇనుము, కావాలి, అందులోనూ క్షార మట్టికి ఇడిడిహెచ్ఏ రకం. మామూలు ఇడిటిఏ రకం పిహెచ్ 7 దగ్గరికి వచ్చేసరికే పట్టు వదిలేస్తుంది. వాన నీరు దొరికినప్పుడు అదే పోయడం ఇంకా మేలు.

అడుగున ఉన్న ఒకటి రెండు ముసలి ఆకులు నీడలో పడి పసుపెక్కి రాలితే టెన్షన్ పడనక్కర్లేదు. చిగురు ఆరోగ్యంగా వస్తున్నంత కాలం అది మామూలు వయసు మాటే.

ఉప్పు, ఎండ

మట్టి మీద, మట్టి కుండ అంచున తెల్లటి పొర కడుతుంటే అది ఎరువుల నుంచి, నీటి నుంచి మిగిలిన ఉప్పు. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగులుతుంది. మట్టి నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ వేరుకు ఆ నీటిని లాక్కోవడం కష్టమవుతుంది. మరీ ఎక్కువైతే వేరులోంచే నీరు బయటికి పోతుంది. ఆకు కొసలు, అంచులు మాడటం దీని గుర్తు. ఎరువు వేసిన రెండు మూడు రోజులకే ఆకు కొసలు మాడి, తడి మట్టిలోనే మొక్క వాడితే ఇక వేరే కారణం వెతకాల్సిన పని లేదు.

ఎండ సంగతి చాలామంది ఆకు వైపు నుంచే ఆలోచిస్తారు. ఆరుబయట కుండీలో ఎక్కువ దెబ్బ తినేది వేరు. నేలలో అడుగు లోతున వేరుకు చల్లదనం ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ కుండీ గోడ మీద నేరుగా ఎండ పడితే ఆ గోడ పక్కనున్న మట్టి 45, 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చాలా మొక్కల వేర్లు 40 డిగ్రీల దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. కుండీలో సన్నటి పీచు వేర్లు ఎక్కువగా ఉండేది ఆ గోడ పక్కనే. కుండీని తీసి చూస్తే ఎండ పడే వైపు వేర్లు గోధుమ రంగుకు తిరిగి, రెండో వైపు తెల్లగా ఉండటం దీనికి స్పష్టమైన సాక్ష్యం. మొక్కకు ఎండ, కుండీకి నీడ: ఈ ఏర్పాటు చాలు. తెల్లటి గుడ్డ చుట్టినా, ముందు మరో కుండీ అడ్డం పెట్టినా, కాస్త పెద్ద కుండీలోకి ఈ కుండీని దించినా పని జరుగుతుంది. మట్టి మీద ఎండు ఆకులు పరిస్తే పైభాగం కూడా చల్లగా ఉంటుంది.

తెగులూ పురుగూ

వీటిని చివరికి వదలడానికి కారణముంది. కుండీలో నీరు, గాలి, ఉప్పు సరిగా ఉంటే తెగులు వాటా తగ్గుతుంది, వేరుకుళ్ళు కలిగించే పిథియం లాంటివి ముంపులోనే చెలరేగుతాయి. కానీ కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

మొక్కలో ఒక పక్క కొమ్మలే, ఒక్కోసారి ఆకులో సగమే పసుపెక్కి వాడుతుంటే ఫ్యుజేరియం లేదా వర్టిసిలియం అనే శిలీంధ్రాల వల్ల వచ్చే ఎండు తెగులును అనుమానించాలి. కాండాన్ని ఏటవాలుగా కోస్తే బెరడు కింద గోధుమ చారలు కనిపిస్తాయి. ఆకులు ఆకుపచ్చగా ఉండగానే మొక్క మొత్తం రెండు మూడు రోజుల్లో కూలిపోతే బ్యాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కాండం మొదట్లో ముక్క కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొస మునిగేలా వేలాడదీయాలి. కొన్ని నిమిషాల్లో పాల దారంలా తెల్లటి తీగ కిందికి జారితే అది బ్యాక్టీరియానే. ఈ రెండు రకాల తెగుళ్ళకూ కుండీ స్థాయిలో పనిచేసే మందు లేదు.

ఆకు మీద సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు, అడుగున సన్నటి బూజు లాంటి దారాలు ఉంటే ఎర్రనల్లి. తెల్ల కాగితం పట్టి కొమ్మను దులిపితే పాకే చుక్కలు కనిపిస్తాయి. పొడి ఎండలో ఇవి వారం పది రోజులకో తరం పెరుగుతాయి కాబట్టి ఆకు అడుగు భాగాన్ని నీటి ధారతో కడగడం, తర్వాత వేప నూనె సాయంత్రం పూట చల్లడం ఒకసారితో ఆపకూడదు. వాడిన మొక్క మీద ఎండ వేళ నూనె చల్లితే ఆకు మాడుతుంది.

మొక్కను తీసి చూడటం

పై గుర్తులతో తేలకపోతే మొక్కను కుండీ నుంచి తీసి చూడటానికి భయపడకూడదు. మట్టి కొద్దిగా ఆరిన తర్వాత, కాండం మొదలును వేళ్ళ మధ్య పట్టుకుని, కుండీని బోర్లించి అంచును తడితే వేరు ముద్ద జారుతుంది. ఒక్క నిమిషం చూసి మళ్ళీ పెట్టేయవచ్చు. ఆ నిమిషం చెప్పేదాన్ని వారం రోజుల ఊహలు చెప్పలేవు.

కూరగాయ మొక్కల్లో మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. చెట్టు జాతి మొక్కల వేర్లు సహజంగానే గోధుమ రంగు కాబట్టి వాటిలో రంగును నమ్మకూడదు, గట్టిదనాన్ని చూడాలి. కుళ్ళిన వేరును పట్టి లాగితే పై తొక్క ఊడి, లోపలి సన్నటి దారం మిగులుతుంది. వేర్ల మీద ఉబ్బులు కనిపిస్తే నులిపురుగులు కావచ్చు. చిక్కుడు జాతి మొక్కలకైతే మేలు చేసే బుడిపెలు కూడా ఉంటాయి. గోటితో తోస్తే అవి రాలిపోతాయి, నులిపురుగుల ఉబ్బులు వేరులో భాగంగా ఉండి రాలవు. మట్టిలో తెల్లగా, సి ఆకారంలో ముడుచుకున్న లావుపాటి వేరుపురుగు దొరికితే ఏరేయాలి. మట్టి కంటే వేర్లే ఎక్కువగా, కుండీ ఆకారంలో చుట్టుకుని ఉంటే ఆ మొక్క పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికే అయిపోవడంలో వింత లేదు. దానికి ఒక సైజు పెద్ద కుండీ కావాలి.

కోలుకునే దారి

కారణం ఏదైనా మొదటి పని ఆకుల నుంచి పోయే నీటి ఖర్చు తగ్గించడం. మొక్కను వెలుతురు బాగా ఉండి నేరుగా ఎండ, గాలి కొట్టని చోటికి మార్చాలి. చీకటి గదిలో పెట్టడం మేలు చేయదు, ఆకుకు ఆహారం తయారు చేసుకునే వెలుతురు కావాలి. ఎరువులన్నీ ఆపాలి.

ఎండి వాడినదైతే కుండీని నీళ్ళ తొట్టిలో అంచు దాకా దించి, బుడగలు ఆగేవరకు, అరగంట దాకా ఉంచి, తీసి పూర్తిగా కారనివ్వాలి. మట్టి ముద్ద నడి భాగం దాకా తడవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మొక్క బతికే ఉంటే కొన్ని గంటల్లో, లేదా తెల్లారేసరికి లేస్తుంది.

ముంపులో వాడినదానికి ఓపిక కావాలి. నీరు ఆపి, కుండీని ఒక పక్కకు ఏటవాలుగా వంచి ఉంచాలి. స్పాంజిని తిప్పినట్టే అడుగున నిలిచిన నీరు ఇంకొంత దిగుతుంది. రంధ్రంలోంచి నూలు గుడ్డ పీలిక ఒకటి లోపలికి ఎక్కించి కిందికి వేలాడదీస్తే అది కూడా తడిని లాగుతుంది. రెండు మూడు రోజుల్లో మార్పు రాకపోయినా, వాసన వస్తున్నా మొక్కను తీసి, వేరు ముద్దను పాత న్యూస్‌పేపర్లలో చుట్టి కొన్ని గంటలుంచి తడి లాగనివ్వాలి. మెత్తబడ్డ వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, మిగిలిన వేర్లకు సరిపోయే చిన్న కుండీలో, గుల్లగా ఉండే కొత్త మిశ్రమంలో నాటాలి. వేర్లు బాగా తగ్గిపోతే పైనున్న కొమ్మల్ని కొంత కత్తిరించాలి, కానీ మూడో వంతుకు మించకూడదు. కొత్త వేరు పుట్టాలంటే దానికి తిండి పంపేది ఆ ఆకులే. ఈ దశలో మట్టిలో తొక్కలు, పచ్చి పేడ లాంటివి కలపడం చేటు చేస్తుంది. అవి కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు వేరుకు దక్కాల్సిన ఆక్సిజన్‌నే వాడుకుంటాయి.

ఉప్పు పేరుకున్న కుండీకి దాని పరిమాణానికి రెట్టింపు మంచి నీటిని మెల్లగా, విడతలుగా పోసి కిందికి పోనివ్వాలి. నీరు చక్కగా దిగే మట్టికే ఇది తగిన వైద్యం. ముంపులో ఉన్న కుండీని ఇలా కడిగితే మొక్క చనిపోతుంది. ఒకే పసుపు, రెండు వ్యతిరేక వైద్యాలు అన్న మాట ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పోషక లోటు అని తేలినప్పుడు కూడా వాడిన మొక్కకు వెంటనే పెట్టకూడదు. ఆకులు తెల్లవారుజామున నిలబడటం మొదలయ్యాక, ఎరువు ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టాలి. మెగ్నీషియం అయితే లీటరు నీటికి 5 నుంచి 10 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి చల్లని వేళ ఆకుల మీద చల్లితే వేరు బలహీనంగా ఉన్నా కొంత అందుతుంది.

ఒకేసారి కుండీ మార్చి, ఎరువు వేసి, మందు చల్లి, చోటు మార్చితే మొక్క లేచినా దేనివల్ల లేచిందో తెలియదు, పడిపోయినా తెలియదు. ఒక మార్పు చేసి నాలుగైదు రోజులు చూడటం మంచిది. పసుపైన పాత ఆకు మళ్ళీ ఆకుపచ్చ కావడం అరుదు కాబట్టి దాన్ని చూసి నిరాశపడకూడదు. కొత్తగా విచ్చే ఆకు రంగును, సైజును చూడాలి. వేరు దెబ్బతిన్న మొక్కలో ఆ కొత్త ఆకు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఆకులన్నీ రాలిపోయినా మొక్క పోయిందని వెంటనే అనుకోనక్కర్లేదు. చెట్టు జాతి మొక్క అయితే కాండం మీద గోటితో చిన్నగా గీరి చూడాలి. కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణముంది. పై నుంచి కిందికి గీరుతూ వచ్చి ఎక్కడ పచ్చదనం మొదలైందో అక్కడికి కత్తిరిస్తే మొదట్లోంచి చిగురు రావచ్చు. వేర్లన్నీ కుళ్ళి పై కొమ్మలు ఇంకా పచ్చగా ఉంటే, మందార, తులసి, టమాటా లాంటివాటికి గట్టి కొమ్మను జానెడు కోసి కొత్త మిశ్రమంలో నాటితే వేరు పడుతుంది. ఎండు తెగులు సోకిన మొక్క నుంచి మాత్రం కొమ్మ తీయకూడదు, తెగులు ఆ కొమ్మలోనే ఉంటుంది. ఆ మొక్కను, మట్టిని కంపోస్టులో కలపకుండా దూరంగా పారేసి, కుండీని కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపిన ద్రావణంలో అరగంట నానబెట్టి, మళ్ళీ కడిగి ఎండలో ఆరబెట్టిన తర్వాతే అందులో కొత్త మొక్క పెట్టాలి.